తీరాన పడక ఉంటేనే ఓడకు దారి

కోల్‌కతా మహానగరానికి ఈశాన్యాన, విమానాశ్రయానికి చేరువలో, రాజర్‌హాట్ ప్రాంతపు పొలాల నడుమ ఇటీవలి దశాబ్దాలలో వెలసిన ఉపనగరం న్యూ టౌన్. అక్కడ సముద్రం లేదు, రేవు లేదు. కోల్‌కతా రేవు నగరానికి నైరుతి దిశలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్నది. అయినా మహమ్మారి కాలంలో ఓడ ప్రయాణాలకూ ఆరోగ్య నిబంధనలకూ గల సంబంధాన్ని తెలుసుకోవడానికి న్యూ టౌన్ నుంచి బయలుదేరడమే సులువు.

2020 మార్చిలో కోల్‌కతాలో కోవిడ్ తొలి రోగులు బేలియాఘాటా అంటువ్యాధుల ఆసుపత్రిలో చేరారు. బయటి దేశాల నుంచి వచ్చిన వారిని కొన్నాళ్లు వేరుగా ఉంచడానికి నగరంలో చోటు వెదకవలసి వచ్చింది. అప్పటికి న్యూ టౌన్‌లో చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ వారి రెండవ ప్రాంగణం ఇంకా లాంఛనంగా ప్రారంభం కాలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఆ భవనాలను కోవిడ్ కేంద్రంగా వినియోగించుకున్నది. 460 పడకల ఆ ప్రాంగణాన్ని క్యాన్సర్ ఆసుపత్రిగా ప్రధానమంత్రి ప్రారంభించినది ఆ తరువాత, 2022 జనవరి 7 న.

పూర్వం ఇటువంటి కేంద్రాలు నదీముఖాలలోనో, జనసంచారం లేని దీవులలోనో ఉండేవి. ఇప్పుడు ఆ బాధ్యత ఊరి నడుమకు వచ్చింది. ప్రయాణికుడు గాలిలో వచ్చినా నీటిమీద వచ్చినా, జబ్బుపడితే అతనికి కావలసినది నేలమీద ఒక పడక. ఆ పడకను ముందుగా సిద్ధపరచిన తీరానికే ఓడలను పిలిచే అర్హత ఉంటుంది. విహార నౌకలు ఆగిపోవడంలోనూ, తిరిగి కదలడంలోనూ ఇమిడి ఉన్న సూత్రం ఇదే.

పసుపు జెండా అర్థం

రేవులో ఆరోగ్య నిబంధన అనేది కొత్త విషయం కాదు. ఏడ్రియాటిక్ సముద్ర తీరాన ఉన్న రగూసా నగరం, అనగా నేటి దుబ్రోవ్నిక్, 1377 లోనే తెగులు సోకిన ప్రాంతాల నుంచి వచ్చేవారు 30 దినాలు వెలుపల ఉండాలని శాసించింది. తరువాత ఆ గడువు 40 దినాలకు పెరిగింది. ఇటాలియన్ భాషలో నలభై అనే అర్థం గల మాట నుంచే 'క్వారంటైన్' అన్న పదం పుట్టింది.

మన దేశానికీ ఈ చరిత్రతో దగ్గరి సంబంధమే ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా దేశాలను భయపెట్టిన కలరాకు వంగదేశాన్నే పుట్టినిల్లుగా చెప్పేవారు. 1884 లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలోని ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని గుర్తించాడు. రోగకారణం తెలిసిన కొద్దీ నియమాల స్వభావం మారింది. ప్రతి ఓడనూ గుడ్డిగా అడ్డగించడానికి బదులు, ఏ ఓడలో ప్రమాదం ఉన్నదో పరీక్షించి తేల్చడం ముఖ్యమైంది.

భారత ఓడరేవుల ఆరోగ్య నియమాలు 1955 లో రూపొందాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 లో ఆమోదించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2007 జూన్ నుంచి అమలులోకి వచ్చాయి. వీటి సారాంశం క్లిష్టమైనది కాదు. విదేశాల నుంచి వచ్చే ఓడ రేవు చేరకముందే, అందులోని వారి ఆరోగ్యస్థితిని కెప్టెన్ తీరానికి తెలియజేయాలి. ఓడ పసుపు జెండా ఎగురవేస్తే, "మా ఓడలో అంటురోగం లేదు, లోనికి అనుమతించండి" అని కోరుతున్నట్లు అర్థం. రేవు ఆరోగ్యాధికారి తృప్తి చెందిన పిమ్మటనే ప్రయాణికులు దిగవచ్చు. రోగం దాచినవాడిని కాక, రోగం ఉన్నదని చెప్పినవాడిని రక్షించినప్పుడే ఈ పద్ధతి నిలుస్తుంది. నిజం చెప్పిన ఓడను తీరం తరిమివేస్తే, తరువాతి ఓడ నిజం చెప్పదు.

యొకొహామా నేర్పిన పాఠం

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో 'డైమండ్ ప్రిన్సెస్' అనే విహార నౌక నిలిచిపోయింది. అందులో 3,711 మంది ఉన్నారు. ఫిబ్రవరి 5 నుంచి ప్రయాణికులను వారి వారి గదులకే పరిమితం చేశారు. అయినా చివరకు 712 మందికి వ్యాధి సోకినట్లు తేలింది.

ఇలా ఎందుకు జరిగిందో ఆలోచించాలి. విహార నౌక నీటిమీది చిన్న పట్టణం వంటిది. ఉమ్మడి భోజనశాలలు, ఉమ్మడి వినోదశాలలు, ఇరుకైన నడవలు. ప్రయాణికులలో వృద్ధులు అధికం. అయితే అసలు లోపం వేరొకటి ఉన్నది. ప్రయాణికులు గదులలో ఉన్నారు గాని, వారికి అన్నం వండి తలుపుల వద్దకు చేర్చే సిబ్బంది పని మానలేదు. వారు కలిసి భోంచేశారు, పంచుకున్న చిన్న గదులలోనే నిద్రించారు. ఒకరికి రక్షణగా ఏర్పడిన నియమం మరొకరిని ప్రమాదంలో వదిలింది. ఆ ప్రమాదం తిరిగి అందరినీ చేరింది.

ఆ ఓడలోని 138 మంది భారతీయులలో 132 మంది సిబ్బందే. వారిలో వ్యాధి సోకని 119 మందిని ఫిబ్రవరి 27 న ప్రత్యేక విమానంలో ఢిల్లీ చేర్చి, మానేసర్‌లోని సైనిక కేంద్రంలో పరిశీలనలో ఉంచారు. విహార నౌక అనగానే మనకు తోచేది విహరించేవారు. మన దేశానికి మాత్రం అది మొదటగా పనిచేసేవారి సమస్య అయింది.

ప్రపంచమంతటా నౌకలు ఆగిపోయినప్పుడు వేలాది భారతీయ నావికులు సముద్రంమీదనే చిక్కుకున్నారు. 2020 ఏప్రిల్ 21 న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వారు దిగడానికి ఒక విధానాన్ని ప్రకటించింది. పరీక్ష జరపాలి, ఫలితం వచ్చేవరకు వేరుగా ఉంచాలి, ఆపై రేవు నుంచి ఇంటివరకు రోడ్డున పోవడానికి స్థానిక అధికారులు అనుమతి పత్రం ఇవ్వాలి. రెండు రోజుల తరువాత బొంబాయి రేవులో 'మరెల్లా డిస్కవరీ' నౌక నుంచి 140 మందికి పైగా భారతీయ సిబ్బంది దిగారు. ముంబయిలో దిగిన నావికుడు శ్రీకాకుళం వెళ్లాలన్నా, ముర్షిదాబాద్ వెళ్లాలన్నా దారిలో పలు రాష్ట్రాల సరిహద్దులు దాటాలి. ఒక రాష్ట్రం ఇచ్చిన పత్రాన్ని మరొక రాష్ట్రం గౌరవించనిదే ఆ ప్రయాణం సాగదు. జాతీయ సమైక్యత అన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన అర్థం అరుదుగా దొరుకుతుంది.

తిరిగి కదిలిన నౌకలు

నౌకలను ఆపడం కష్టం కాలేదు. వాటిని తిరిగి నడపడమే కష్టమైంది. అమెరికా 2020 మార్చిలో విహార నౌకలను ఆపి, అక్టోబరు 30 న వాటి పునఃప్రారంభానికి షరతులు ప్రకటించింది. సిబ్బందికి పరీక్షలు జరపాలి. ప్రయాణికులుగా స్వచ్ఛందంగా వచ్చినవారితో ముందుగా నమూనా ప్రయాణం చేసి చూపాలి. అన్నిటికంటె ముఖ్యంగా, రోగులను దింపడానికి తీరంలోని ఆసుపత్రులతోనూ వసతి గృహాలతోనూ ముందే ఒప్పందం కుదుర్చుకోవాలి. టీకాలు వచ్చిన పిదప, ప్రయాణికులలో 95 శాతం మందీ, సిబ్బందిలో దాదాపు అందరూ టీకా పొందిన ఓడలకు నమూనా ప్రయాణం నుంచి మినహాయింపు లభించింది. 2021 జూన్ నాటికి అక్కడి నౌకలు ప్రయాణికులతో తిరిగి బయలుదేరాయి.

మన దేశంలో 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి 'కార్డీలియా' సంస్థ విహార నౌక ప్రారంభమైంది. 2022 జనవరి తొలి వారంలో గోవాకు పోయిన ఆ నౌకలో, సుమారు రెండు వేల మందిని పరీక్షించగా 66 మందికి వ్యాధి సోకినట్లు తేలింది. ప్రయాణికులను వెంటనే దిగనివ్వలేదు. విహారానికి వెళ్లినవారికి అది ఆశాభంగమే. కాని యొకొహామాలో వారాలు పట్టిన విషయం ఇక్కడ కొద్ది దినాలలో బయటపడిందంటే నియమం తన పని తాను చేసిందన్నమాట. అదే సంవత్సరం జూన్‌లో ఆ సంస్థ నౌక విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది.

వంగదేశంలో విహారం అధికంగా నదిమీదనే సాగుతుంది. 2023 జనవరి 13 న వారణాసిలో బయలుదేరిన 'గంగా విలాస్' కోల్‌కతా మీదుగా బంగ్లాదేశ్ జలాలలో ప్రవేశించి, ఫిబ్రవరి 28 న అస్సాంలోని డిబ్రూగఢ్ చేరింది. మొత్తం 3,200 కిలోమీటర్లు. ప్రయాణికులకు చోటు 36 మందికే. ఇటువంటి చిన్న నౌకలో రోగిని గుర్తించడం, ఏదో ఒక ఒడ్డుకు చేర్చడం సముద్ర నౌకలోకంటె తేలిక. అయితే ఆ ఒడ్డున వైద్యం అందాలి. నదీతీర పట్టణాల ఆసుపత్రులు బలపడకుండా నదీ విహారం నిలకడగా సాగదు.

2023 మే 5 న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినట్లు ప్రకటించింది. మరొక మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది వచ్చిననాడు కొత్త టెర్మినళ్ల అందం అక్కరకు రాదు. ఓడ సిబ్బందికి విడిగా ఉండే గది ఉన్నదా, రోగం ఉన్నదని నిజం చెప్పిన కెప్టెన్‌కు రేవు తెరుచుకుంటుందా, న్యూ టౌన్‌లో వలె నగరం పరాయివానికి ఒక పడక చూపగలదా అన్న మూడు ప్రశ్నలకు ప్రతి రేవూ ముందుగానే సమాధానం సిద్ధం చేసుకోవాలి.