కవాటం ఒక్కటే సరిపోదు

గుండె కవాటం మార్పించుకునే రోగి అనగానే అమెరికా, యూరప్ వైద్యులకు డెబ్భై దాటిన పెద్దాయనో పెద్దావిడో గుర్తొస్తారు. వయసు పైబడేకొద్దీ కవాటం మీద సున్నం పేరుకుని గట్టిపడటం అక్కడ ప్రధాన కారణం. మన ప్రభుత్వాసుపత్రుల గుండె వార్డులో దృశ్యం వేరు. అక్కడ ‘వాల్వు ఆపరేషన్’ కోసం ఎదురుచూసేవాళ్ళలో కూలిపనికి వెళ్ళే పాతికేళ్ళ కుర్రాడు, తొలిచూలు గర్భంతో ఆయాసపడుతున్న అమ్మాయి, బడి మానేసిన పిల్లవాడు కనిపిస్తారు.

వీళ్ళ జబ్బు గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పికి సరైన మందు పడకపోతే, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ వయసులో, కొందరికి రుమాటిక్ జ్వరం వస్తుంది. కీళ్ళు వాచి తగ్గిపోతాయి. కానీ బ్యాక్టీరియా మీదికి వెళ్ళాల్సిన రోగనిరోధక శక్తి సొంత గుండె కవాటాల మీదా దాడి చేస్తుంది. జ్వరం పదేపదే తిరగబెడితే కవాటం రెక్కలు మందమై, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇంటికి దగ్గర్లో మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ దొరికితే చాలావరకు ఆపగలిగే జబ్బు ఇది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 5.5 కోట్ల మంది దీనితో బతుకుతున్నారు. ఏటా దాదాపు 3.6 లక్షల మంది చనిపోతున్నారు. వీళ్ళలో అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాలవాళ్ళే.

కృత్రిమ కవాటాలు మాత్రం చాలాకాలం సంపన్న దేశాల రోగిని, అక్కడి ఆస్పత్రిని దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి. 1960లో అమెరికాలో సర్జన్ ఆల్బర్ట్ స్టార్, ఇంజినీర్ లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి పంజరంలో బంతి ఆడే కవాటాన్ని అమర్చి దారి చూపారు. తర్వాత వంగే బిళ్ళ కవాటాలు, రెండు రెక్కల కార్బన్ కవాటాలు వచ్చాయి. దిగుమతి చేసుకుంటే ధర సామాన్య కుటుంబానికి అందేది కాదు. ఇక్కడే చేద్దామంటే ఆ ప్రత్యేక కార్బన్ పూత సాంకేతికత అందుబాటులో లేదు.

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ ఈ చిక్కుముడిని విప్పే పనిని భుజాన వేసుకుంది. అమెరికాలో శిక్షణ పొంది తిరిగొచ్చిన సర్జన్ ఎం.ఎస్. వలియత్తాన్ ఆస్పత్రి పక్కనే ఇంజినీర్లను, పదార్థ శాస్త్రవేత్తలను కూర్చోబెట్టారు. ట్రావెన్‌కోర్ రాజకుటుంబం ఇచ్చిన శాటెల్‌మండ్ ప్యాలెస్ వారి ప్రయోగశాల అయింది.

గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే కవాటం ఏడాదికి సుమారు 3.8 కోట్ల సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఉప్పునీటిలాంటి రక్తంలో, సెలవు లేకుండా. తొలి నమూనాలు ఆ పరీక్షకు నిలవలేదు. ఒకదాంట్లో వెల్డింగ్ చేసిన చోట లోహం విరిగింది. నీలమణి స్ఫటికంతో బిళ్ళ చేసి చూస్తే దాని గట్టిదనానికి టైటానియం అరిగిపోయింది. లోహాన్ని మారిస్తే స్ఫటికమే పగిలింది.

వెల్డింగ్ ఎంత ప్రమాదమో అప్పటికే విదేశాల్లోనూ బయటపడుతోంది. బ్యోర్క్-షైలీ కవాటాల్లోని ఒక నమూనాకు వెల్డింగ్ చేసిన లోహపు కాడ రోగుల గుండెలోనే విరిగిపోయి వందల మంది ప్రాణాలు పోయాయి. 1986లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. చిత్ర బృందం అసలు అతుకే వద్దనుకుంది. కోబాల్ట్ మిశ్రలోహపు దిమ్మ నుంచి పంజరం మొత్తాన్ని ఒకే ముక్కగా చెక్కింది. బిళ్ళకు వజ్రంలాంటి పదార్థం కోసం వెతకడం మాని, కృత్రిమ తుంటి కీళ్ళలో వాడే గట్టి రకం పాలిథిలిన్‌ను ఎంచుకుంది. ఈ ప్లాస్టిక్ దెబ్బను తనలోకి తీసుకుంటుంది, లోహాన్ని అరగదీయదు, మూసుకునేటప్పుడు చప్పుడూ తక్కువ.

1990 డిసెంబర్ 6న ఆ కవాటాన్ని తొలిసారి మనిషికి అమర్చారు. తర్వాత దాని తయారీని చేపట్టింది ప్రెస్టీజ్ కుక్కర్లతో మన వంటింట్లోకి వచ్చిన టీటీకే గ్రూపే. ‘టీటీకే చిత్ర’ పేరుతో లక్షకు పైగా రోగుల గుండెల్లో అది పనిచేసింది. పదార్థం ఎంపికలోనే పరిసరాల లెక్క కూడా ఇమిడిపోయిన పరికరం అది.

అయితే కవాటం చవగ్గా దొరికితే కథ అయిపోదు. దాన్ని అమర్చడానికి ఛాతీ తెరవాలి. గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చూసే యంత్రం, దాన్ని నడిపే నిపుణుడు, రక్తనిధి, ఐసీయూ ఉండాలి. లోహపు కవాటం పెట్టుకున్నవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్, వార్ఫరిన్ లాంటి మందు జీవితాంతం మింగాలి. మోతాదు తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది, పెరిగితే లోపల రక్తస్రావం. గోంగూర, తోటకూరల్లో ఉండే విటమిన్-కె కూడా ఆ లెక్కను కదిలిస్తుంది. అందుకే ‘ఐఎన్ఆర్’ రక్తపరీక్ష తరచూ చేయించుకుంటూ ఉండాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఆపరేషన్ ఖర్చు భయాన్ని తగ్గించింది. పరీక్ష కోసం కూలి మానుకుని బస్సెక్కడం మాత్రం రోగి వంతే. గర్భిణికి ఇంకో చిక్కు: వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

పశువుల కణజాలంతో చేసిన కవాటానికి సాధారణంగా జీవితాంతం ఆ మందు అక్కర్లేదు. కానీ పడుచు వయసు శరీరంలో అది త్వరగా గట్టిపడి పాడవుతుంది. పైగా వాటిలో చాలావాటిని రసాయన ద్రవంలో, నిర్ణీత ఉష్ణోగ్రతలోనే నిల్వ చేయాలి.

ఛాతీ కోయకుండా తొడ దగ్గరి రక్తనాళం గుండా కవాటాన్ని పంపే పద్ధతి, టావి, 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రూయెన్‌లో మొదలైంది. చేసినవారు అలెన్ క్రిబియే. లోహపు జాలీలో కుట్టిన కవాటాన్ని మడిచిన గొడుగులా పంపి, బెలూన్‌తో విప్పుతారు. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ సంస్థ తయారుచేస్తున్న ‘మైవాల్’ కూడా ఈ కోవదే. పేద దేశాల అవసరం క్రిబియేకు కొత్త కాదు. అంతకుముందే, అతుక్కుపోయిన మైట్రల్ కవాటాన్ని విడదీయడానికి బెలూన్‌కు బదులు, స్టెరిలైజ్ చేసి మళ్ళీ మళ్ళీ వాడుకోగల లోహ పరికరాన్ని ఆయన రూపొందించారు.

టావి కూడా వృద్ధుల కవాటాన్ని బట్టి పుట్టిందే. జాలీ జారిపోకుండా పట్టు దొరికేది పేరుకున్న సున్నం వల్లనే. రుమాటిక్ కవాటంలో, ముఖ్యంగా పడుచువాళ్ళలో, ఆ సున్నం తక్కువ. ఇంకో ఇబ్బంది, బెలూన్ ఉబ్బిన కొన్ని క్షణాలు రక్తం దారి మూసుకుపోతుంది. ఆ ఒత్తిడికి జాలీ కొట్టుకుపోకుండా పేసింగ్ తీగతో గుండెను నిమిషానికి 180-220 సార్లు పరుగెత్తించి, రక్తం బయటికి రాకుండా చేస్తారు. ఖరీదైన ఎక్స్‌రే యంత్రాలు, తర్ఫీదు పొందిన జట్టు లేనిచోట ఇది సాహసమే.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో సర్జన్ పీటర్ జిల్లా బృందం ఇలాంటి ఇబ్బందులను తొలగించాలనే పట్టుబట్టింది. 1967లో క్రిస్టియన్ బర్నార్డ్ తొలి గుండెమార్పిడి చేసిన ఊరు అది. వాళ్ళ ‘స్ట్రెయిట్ యాక్సెస్ టెక్నాలజీస్’ సంస్థ నడుమ బోలుగా ఉండే బెలూన్‌ను రూపొందించింది. అది ఉబ్బినా మధ్యలోంచి రక్తం పారుతూనే ఉంటుంది, కాబట్టి గుండెను పరుగెత్తించనక్కర్లేదు. పరికరానికి ఉన్న చిన్న చేతులు కవాటం రెక్కల వెనకున్న గుంటల్లో ఆనుకోగానే సరైన చోటు చేతికే తెలుస్తుంది. తెరమీది చిత్రం మీద అంతగా ఆధారపడనక్కర్లేదు. గుండె శస్త్రచికిత్స విభాగం లేని ఆస్పత్రిలోనూ వాడగలగాలన్నది వాళ్ళ ఉద్దేశం.

ఆ జాలీలో పశు కణజాలానికి బదులు పాలిమర్ రెక్కలు పెట్టాలని కూడా ఈ బృందం పనిచేస్తోంది. పడుచు వయసు గుండెలో ఏళ్ళ తరబడి గట్టిపడకుండా ఉండటం, జీవితాంతం ఎసిట్రామ్ అవసరం రాకుండా చూడటం, ఈ రెండూ ఒకే పరికరంలో ఇమడాలి. యంత్రం మీద కోట్ల సార్లు తెరిచి మూసే పరీక్ష దాటినా, ఆ రెక్కలకు అసలు పరీక్ష పాతికేళ్ళ రోగి ఒంట్లోనే.