చేపల మేత డబ్బా: చెప్పేదెంత, దాచేదెంత?

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో పిల్లవాడు కుక్కపిల్ల కావాలని పేచీ పెడితే, తల్లిదండ్రులు రాజీమార్గంగా పది గాలన్ల అక్వేరియం కొనిపెట్టడం కద్దు. తొట్టె, పంపు, గులకరాళ్ళు, అరడజను నియాన్ టెట్రాలు, నాలుగు గప్పీలు - వీటి ఎంపికకు ఒక ఆదివారం సాయంత్రమంతా పడుతుంది. మేత డబ్బా ఎంపికకు మాత్రం అర నిమిషం చాలు. ముందువైపున మెరిసే చేప బొమ్మ, దాని పక్కన "47 శాతం ప్రోటీన్" అన్న పెద్ద అక్షరాలు చూసి బుట్టలో వేసుకోవడమే పరిపాటి. కొన్ని నెలల తరువాత ఒక చేప నడుము వంగిపోయి, ఈదలేక అడుగున పడి ఉంటే, "దీనికేమయింది?" అన్న పిల్లవాడి ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ జవాబు ఒక్కొక్కప్పుడు అదే డబ్బా వెనుక, భూతద్దం పెట్టి చదవవలసినంత చిన్న అక్షరాలలో ఉంటుంది.

ఆ చిన్న అక్షరాలకు కొన్ని నియమాలున్నాయి. అమెరికాలో పశుమేత నియంత్రణాధికారుల సంఘం (ఆఫ్కో) నమూనా నిబంధనలను రూపొందిస్తుంది. రాష్ట్రాలు చాలావరకు వాటినే అనుసరిస్తాయి. తొట్టెలోని చేపలు ఆ నిబంధనలలో హామ్‌స్టర్లతో, కానరీ పిట్టలతో ఒకే పంక్తిలో కూర్చుంటాయి. అయితే కుక్కలకూ పిల్లులకూ ఏ పోషకం ఎంత కావాలో ఈ సంఘం పట్టికలు ప్రకటించింది గాని, అలంకార చేపలకు అటువంటి పట్టిక లేదు. వందలాది జాతులకు ఒకే పట్టిక ఎలా కుదురుతుంది? కనుక మంచిచెడ్డలు తేల్చుకునే భారం కొనేవారి మీదే పడింది.

"గ్యారంటీడ్ అనాలిసిస్" అన్న శీర్షిక కింద సాధారణంగా నాలుగు అంకెలు కనిపిస్తాయి: మాంసకృత్తులు, కొవ్వు కనీసం ఇంత, పీచు, తేమ గరిష్ఠంగా ఇంత. అందరి చూపూ మొదటి అంకె మీదే నిలుస్తుంది. నిజానికి మొదట చూడవలసినది నాలుగోది. మంచుగడ్డల రూపంలో అమ్మే బ్లడ్‌వర్మ్స్ పొట్లం మీద మాంసకృత్తులు 5 శాతమనీ, పక్కనున్న ఫ్లేక్స్ డబ్బా మీద 46 శాతమనీ ఉన్నాయనుకుందాం. మొదటిది నాసిరకమని తోస్తుంది. కాని మొదటిదానిలో తేమ 90 శాతం, రెండోదానిలో 8. నీరు తీసివేసి లెక్కిస్తే మొదటిదానిలో మిగిలిన 10 పాళ్ళలో 5, రెండోదానిలో మిగిలిన 92 పాళ్ళలో 46. రెండూ సరిగ్గా సగమే! తేమను తీసివేయకుండా రెండు మేతలను పోల్చడం పాలనూ పాలపొడినీ ఒకే గరిటెతో కొలవడం వంటిది.

ఇక ఆ మాంసకృత్తుల అంకె ఎలా పుడుతుందో తెలిస్తే దాని మీది భక్తి కొంత తగ్గుతుంది. 1883లో డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్న యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రవేత్త ధాన్యంలోని నత్రజనిని కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. కనుక దొరికిన నత్రజనిని 6.25తో గుణిస్తే మాంసకృత్తులెన్నో తెలుస్తాయి. లేబుల్ మీద "క్రూడ్ ప్రోటీన్" అనేది ఈ గుణకారఫలమే. నత్రజని చేప కండ నుంచి వచ్చిందా, ఈకల నుంచి వచ్చిందా, మరే రసాయనం నుంచి వచ్చిందా అన్నది ఈ పద్ధతికి అక్కరలేదు. ఈ లోపాన్ని ఆసరా చేసుకొని జరిగిన మోసమే 2007లో ఉత్తర అమెరికాను కుదిపివేసింది. చైనా నుంచి గోధుమ గ్లూటెన్ పేరిట దిగుమతి అయిన సరుకులో మెలమైన్ కలిసింది. దాని బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే, పోషకవిలువ సున్న. ఆ మేత తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయాయి. అదే కల్తీ సరుకు చేపల పెంపకానికి వాడే మేతలోకి కూడా చేరిందని ఆ ఏడాది మే నెలలో ఎఫ్.డి.ఎ. వెల్లడించింది.

అందుచేత అంకెల కన్న పదార్థాల జాబితాయే నమ్మదగిన సాక్షి. సాక్షి అబద్ధమాడదు గాని, కొన్ని సంగతులు మింగుతుంది. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది తరువాత రాయాలన్నది నియమం. ఆ బరువు మేత తయారు చేయడానికి కలిపేనాటి బరువు. "సాల్మన్ చేప" అని జాబితాలో మొదట ఉంటే చూడ ముచ్చటగానే ఉంటుంది. పచ్చి చేపలో దాదాపు 70 శాతం నీరే. 40 గ్రాముల పచ్చి సాల్మన్, 30 గ్రాముల గోధుమపిండి కలిపి ఆరబెడితే, చేప 12 గ్రాములకు కుంచించుకుపోతుంది. పిండి మాత్రం 26 గ్రాములు మిగులుతుంది. ఆరిన తరువాత ఆ మేత చేప వాసన తగిలిన గోధుమ రొట్టె! అదే చోట "హెర్రింగ్ మీల్" అని ఉంటే, అది ముందే ఎండిన పొడి కనుక లెక్క పెద్దగా తారుమారు కాదు. ఏ చేపో చెప్పకుండా "ఫిష్ మీల్" అని ఊరుకుంటే అది నిఖార్సయిన చేపపొడి కావచ్చు, తలలూ ముళ్ళూ కావచ్చు. మరొక ఉపాయం కూడా ఉంది. గోధుమపిండి, గోధుమ గ్లూటెన్, గోధుమ మొలకపొడి అని ఒకే ధాన్యాన్ని మూడు పేర్లుగా చీలిస్తే, ఒక్కొక్కటీ జాబితాలో కిందికి దిగి, చేప పైకి తేలుతుంది. ఫ్లేక్స్ అతుక్కోవడానికి కొంత పిండి తప్పదు. అది దోషం కాదు. కాని గోధుమ గ్లూటెన్‌లో చేపకు అత్యవసరమైన లైసిన్ అనే అమైనో ఆమ్లం బహు తక్కువ. అంకె పెరుగుతుంది, చేప పెరగదు.

మాంసకృత్తులు ఎంత ఎక్కువైతే అంత మేలనుకోవడమూ పొరపాటే. కొల్లేటి చుట్టుపక్కల చెరువులలో బొచ్చె, శీలావతి చేపలు, చిల్లుల సంచులలో కట్టి నీటిలో వేలాడదీసిన తవుడు తిని ఏపుగా పెరుగుతాయి. అలంకారానికి పెంచే బంగారు చేప కూడా ఆ కుటుంబానిదే. దానికి జీర్ణకోశమే లేదు. 30, 35 శాతం మాంసకృత్తులున్న మేత దానికి చాలు. మిగిలినదంతా మొప్పల గుండా అమ్మోనియాగా మారి, అది ఈదే నీటినే విషం చేస్తుంది.

ఇప్పుడు వంగిన నడుము సంగతి. అలంకార చేపలు సాధారణంగా మనుషుల లాగే విటమిన్ 'సి'ని స్వయంగా తయారు చేసుకోలేవు. అది కొరవడితే ఎముకలను, కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ సరిగా ఏర్పడక వెన్నెముక వంకరలు తిరుగుతుంది. (క్షయవ్యాధి వల్ల, పుట్టుకతో కూడా అలా కావచ్చు, మేత ఒక్కటే కారణమని తీర్పు చెప్పకూడదు.) మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం తయారీ వేడికి కొంత, డబ్బాలో నెలల తరబడి ఉండడం వల్ల మరికొంత నశిస్తుంది. జాబితా చివర "ఎల్-ఆస్కార్బిల్-2-పాలీఫాస్ఫేట్" అనే నోరు తిరగని పేరు కనిపిస్తే భయపడనక్కరలేదు. అది నిలవ ఉండేటట్లు చేసిన విటమిన్ సి. ఆ పేరు వాడిన తయారీదారుకు చేప మీద కొంత శ్రద్ధ ఉన్నట్లే. రంగు పెంచే అస్టాజాంతిన్, స్పైరులినా వంటివి కంటికి ఇంపే గాని, వాటి కోసం తక్కిన జాబితాను క్షమించనక్కరలేదు.

చేప నూనె త్వరగా చెడుతుంది. నిలవ ఉన్న చేపపొడి గాలి తగిలి తనంత తానే వేడెక్కి ఓడలలో నిప్పంటుకునే ప్రమాదముంది కనుక, సముద్ర రవాణాకు ముందు దానిలో నిలవ మందు కలపాలన్న నిబంధన ఉంది. ఎథాక్సీక్విన్ అటువంటిది; 2017లో ఐరోపా సమాఖ్య మేతలలో దాని అనుమతిని నిలిపివేసింది. దానికి బదులు టోకోఫెరాల్స్, రోజ్‌మేరీ సారం వాడిన మేతలు అంత కాలం నిలవవు. అందువల్ల గడువు తేదీ చూడాలి. చవకగా వస్తుందని పెద్ద డబ్బా కొనకుండా రెండు మూడు నెలలకు సరిపడేది కొని, మూత తీసిన తేదీ దాని మీద రాసుకోవాలి. ముక్కిపోయిన నూనె వాసన వస్తే, తేదీ ఏమి చెప్పినా, ఆ డబ్బా చెత్తబుట్టకే.

వేసవిలో స్వదేశ ప్రయాణం పెట్టుకున్నవారు దుకాణాలలో దొరికే "వెకేషన్ ఫీడర్" దిమ్మలు కొంటుంటారు. వాటి జాబితా కూడా చదవాలి. మొదటి పేరు కాల్షియం సల్ఫేట్ అయితే, అది ముప్పాతిక మువ్వీసం ప్లాస్టర్ ఆఫ్ పారిసే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు ఒక వారం మేత లేకుండా ఉండగలవు. నెల రోజుల ప్రయాణమైతే పొరుగింటివారికి తాళంచెవితో పాటు, ఏ రోజుకారోజు చిటికెడు చొప్పున కట్టిన పొట్లాలు ఇచ్చి, అసలు డబ్బాను బీరువాలో దాచి వెళ్ళడం మేలు. పొరుగువారికి దయ ఎక్కువ.