హిగ్గిన్‌బాథమ్ (ఇంటిపేరు)

హిగ్గిన్‌బాథమ్ ఒక ఆంగ్ల ఇంటిపేరు. ఇది ఉత్తర ఇంగ్లండులోని లాంకషైరు కౌంటీకి చెందిన ఒక చిన్న స్థలం పేరు నుండి ఏర్పడింది. ఇంగ్లండులో స్మిత్, జోన్స్, టేలర్ వంటి పేర్లతో పోలిస్తే ఈ పేరు గలవారు చాలా తక్కువ. వారిలోను ఎక్కువమంది తరతరాలుగా మాంచెస్టరు పరిసరాలలోనే నివసించారు. అయినప్పటికీ ఈ పేరు అమెరికా, ఐర్లండు, ఆస్ట్రేలియాలకు వ్యాపించింది. మద్రాసులోని సుప్రసిద్ధ పుస్తకశాల కారణంగా దక్షిణ భారతీయులకు కూడా ఇది పరిచితమైన పేరు. ఒక ఇంటిపేరు ఎలా పుడుతుంది, ఎలా రూపు మారుతుంది, ఎన్ని మార్గాలలో ప్రయాణిస్తుంది అనే విషయాలను తెలుసుకొనుటకు ఈ పేరు చక్కని ఉదాహరణ.

ఆంగ్ల ఇంటిపేర్లు - నేపథ్యం

క్రీ.శ. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించక ముందు అక్కడి ప్రజలకు వంశపారంపర్యమైన ఇంటిపేర్లు లేవు. తరువాతి మూడు, నాలుగు శతాబ్దాలలో ఇవి మొదట భూస్వాములలోను, పిమ్మట సామాన్యులలోను స్థిరపడ్డాయి. ఆంగ్ల ఇంటిపేర్లను స్థూలంగా నాలుగు రకాలుగా విభజిస్తారు.

* తండ్రి పేరు నుండి వచ్చినవి: జాన్సన్ (జాన్ కుమారుడు)
* వృత్తి నుండి వచ్చినవి: స్మిత్ (కమ్మరి), టేలర్ (దర్జీ)
* మారుపేరు నుండి వచ్చినవి: షార్ట్ (పొట్టివాడు)
* స్థలం నుండి వచ్చినవి: లింకన్, హిగ్గిన్‌బాథమ్

తెలుగువారి ఇంటిపేర్లలో ఊరి పేర్ల నుండి వచ్చినవి ఎక్కువ గనుక నాలుగవ రకం మనకు సులభంగా అర్థమవుతుంది. తెలుగువారు ఇంటిపేరును వ్యక్తి పేరుకు ముందు ఉంచుతారు, ఆంగ్లేయులు చివర ఉంచుతారు. సూత్రం మాత్రం రెండుచోట్లా ఒకటే. సొంత ఊరిలో ఉన్నవానిని ఆ ఊరి పేరుతో పిలవవలసిన అవసరం ఎవరికీ ఉండదు. అతడు వేరొక ఊరు చేరినప్పుడే "ఫలానా ఊరివాడు" అనే గుర్తింపు ఏర్పడుతుంది. కనుక స్థలం నుండి వచ్చిన ఇంటిపేరు సాధారణంగా ఒక వలసకు గుర్తు.

వ్యుత్పత్తి

ఈ పేరును చూడగానే ఇందులో 'హిగ్గిన్' అనే మనిషి ఉన్నాడని అనిపిస్తుంది. ఎందుకంటే మధ్యయుగాలలో రిచర్డ్ అనే పేరుకు 'హిక్' ముద్దుపేరు. దాని నుండే హిగ్గిన్, హిగ్గిన్స్, హిగ్గిన్సన్ వంటి పేర్లు వచ్చాయి. కాని భాషావేత్తలు ఆమోదించిన వివరణ ప్రకారం ఈ ఇంటిపేరుకు రిచర్డ్‌తో గాని, హిగ్గిన్‌తో గాని సంబంధం లేదు.

దీనికి మూలం బోల్టన్ పట్టణం వద్ద ఉన్న ఓకెన్‌బాటమ్ అనే స్థలం. ఇందులో రెండు ప్రాచీనాంగ్ల పదాలున్నాయి. మొదటి పదానికి 'ఓక్ చెట్లకు సంబంధించిన' అని అర్థం. రెండవ పదానికి 'లోయ అడుగున ఉండే పల్లపు నేల' అని అర్థం. కావున పూర్తి పేరుకు 'ఓక్ చెట్ల పల్లం' అని చెప్పుకోవచ్చు. మధ్యయుగపు పత్రాలలో ఈ స్థలం పేరు అచ్చుతోనే మొదలవుతుంది. హకారం తరువాత వచ్చి చేరినదే.

ఊరికి దూరమైనవారి నోట పదంలోని అర్థం మరుగున పడింది. అర్థం తెలియని మొదటి భాగాన్ని జనులు తమకు బాగా తెలిసిన 'హిగ్గిన్' అనే మాటగా మార్చుకున్నారు. తెలియని మాటను తెలిసిన మాటకు దగ్గరగా మార్చి పలకడాన్ని భాషాశాస్త్రంలో లోకవ్యుత్పత్తి అంటారు. ఆ విధంగా చెట్టు మాయమై మనిషి ప్రత్యక్షమయ్యాడు.

19వ శతాబ్దంలో కొందరు రచయితలు ఈ పేరు ఓక్ చెట్టును తెలిపే ఒక జర్మన్ పదం నుండి వచ్చిందని భావించారు. మరికొందరు పేరులోని మొదటి భాగం రోవన్ చెట్టును సూచిస్తుందని అన్నారు. ఓకెన్‌బాటమ్ పాత రూపాలతో పోల్చి చూసిన పిమ్మట ఈ వాదాలకు బలం తగ్గింది. ఇంగ్లండులోనే తగిన స్థలం లభిస్తున్నప్పుడు జర్మనీ నుండి వచ్చిన పూర్వీకుని ఊహించవలసిన పని లేదు.

'బాటమ్' పేర్ల కుటుంబం

వాయవ్య ఇంగ్లండులోను, దానికి ఆనుకొని ఉన్న యార్క్‌షైరులోను కొండల నడుమ ఇరుకైన లోయలు అనేకం. అందుచేత ఇదే పదంతో ముగిసే ఇంటిపేర్లు అక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. రామ్స్‌బాటమ్ లాంకషైరులో అదే పేరు గల పట్టణం నుండి వచ్చింది. సైడ్‌బాటమ్‌కు 'వెడల్పైన లోయ' అని, రోబాథమ్‌కు 'గరుకు నేల గల లోయ' అని అర్థం. షఫుల్‌బాథమ్ అనే విచిత్రమైన పేరు 'గొర్రెలను కడిగే నీరు గల లోయ' అనే అర్థం గల స్థలనామం నుండి వచ్చింది. హారీ పాటర్ పాఠకులకు తెలిసిన లాంగ్‌బాటమ్ అనే పేరుకు 'పొడవైన లోయ' అని అర్థం. అది నిజంగా యార్క్‌షైరులో ఉన్న ఇంటిపేరే.

18వ శతాబ్దం చివరి నుండి ఆంగ్లంలో 'బాటమ్' అనే మాటను పిరుదులు అనే అర్థంలో కూడా వాడడం మొదలైంది. దానితో ఈ ఇంటిపేర్లు గలవారు పరిహాసానికి గురి అయ్యేవారు. 'బాథమ్' అనే రూపం చాలా పాతది, ప్రాంతీయ ఉచ్చారణకు చెందినది. అయినా పరిహాసాన్ని తప్పించుకొనుటకు అది అనుకూలంగా ఉండడంతో కొన్ని కుటుంబాలు ఆ వర్ణక్రమానికే మొగ్గు చూపాయి.

వివిధ రూపాలు

ఈ పేరును అనేక విధాలుగా వ్రాస్తారు. వాటిలో ముఖ్యమైనవి:

* హిగ్గిన్‌బాటమ్: మాంచెస్టరుకు తూర్పు, ఆగ్నేయ దిక్కులలోని పట్టణాలలో ఎక్కువగా కనిపించే రూపం.
* హిగ్గిన్‌బాథమ్: ఇంగ్లండులో కంటె అమెరికాలో అధికంగా కనిపించే రూపం.
* హిగిన్‌బాథమ్ (ఒకే గకారంతో): ఐర్లండు నుండి ఆస్ట్రేలియాకు వెళ్ళిన ప్రసిద్ధ కుటుంబం వాడిన రూపం. అమెరికాలోను ఉంది.
* హెగిన్‌బాథమ్: లాంకషైరు, చెషైరు కౌంటీలలో కనిపించే రూపం.
* హికిన్‌బాటమ్: మరికొంత దక్షిణంగా, స్టాఫర్డ్‌షైరు వైపు కనిపించే రూపం.

ఇన్ని రూపాలుండుటకు కారణం పేరు గలవారు కాదు, వ్రాసినవారు. ఇంగ్లండులో 1538లో ప్రతి చర్చి పారిష్‌లోను నామకరణాలు, వివాహాలు, ఖననాలు నమోదు చేయాలని ఆదేశించారు. ప్రజలలో చాలామందికి చదువు రాదు. పూజారి గాని, గుమాస్తా గాని తన చెవికి వినిపించినట్లు వ్రాసేవాడు. పేరు గలవాడు పత్రంపై అడ్డగీతల గుర్తు పెట్టేవాడు. అందుచేత అన్నదమ్ముల పేర్లు సైతం వేర్వేరుగా నమోదు కావచ్చు. 1837లో ప్రభుత్వమే జనన, వివాహ, మరణాలను నమోదు చేయడం ప్రారంభించిన తరువాత, 1870 తరువాత ప్రాథమిక విద్య వ్యాపించిన తరువాత వర్ణక్రమాలు క్రమంగా స్థిరపడ్డాయి. కాబట్టి వర్ణక్రమం వేరైనంత మాత్రాన వంశం వేరని చెప్పలేము.

బ్రిటన్‌లో విస్తరణ

పేరుకు మూలమైన ఓకెన్‌బాటమ్ మాంచెస్టరు నగరానికి వాయవ్యంగా ఉన్నది. కాని ఈ ఇంటిపేరు గలవారు దట్టంగా నివసించిన ప్రాంతం నగరానికి తూర్పు, ఆగ్నేయ దిక్కులలో ఉన్నది. యాష్టన్-అండర్-లైన్, స్టాక్‌పోర్ట్, మార్పుల్, గ్లాసప్ ఆ ప్రాంతపు పట్టణాలు. లాంకషైరు, చెషైరు, డెర్బీషైరు కౌంటీలు కలిసే చోటు ఇదే. 1974లో ఏర్పడిన గ్రేటర్ మాంచెస్టరు కౌంటీలో వీటిలో మొదటి మూడూ, బోల్టన్ కూడా చేరాయి. పుట్టిన చోట కంటె కొద్ది మైళ్ళ దూరంలో పేరు వేళ్ళూనుకొనడం, పైన చెప్పిన వలస సూత్రానికి అనుగుణంగానే ఉన్నది.

పేరు ఇంతకాలం ఒకే ప్రాంతంలో నిలిచి ఉండుటకు ఆర్థిక కారణం కూడా ఉన్నది. 18, 19 శతాబ్దాలలో ఇంగ్లండులోని అనేక పల్లెల నుండి ప్రజలు పని కోసం దూర ప్రాంతాలకు తరలిపోయారు. కాని స్టాక్‌పోర్ట్, యాష్టన్, గ్లాసప్‌లు నూలు మిల్లుల పట్టణాలు. పని వెదుక్కొనుటకు దూరం పోనవసరం లేకుండా పనే వారి లోయలకు వచ్చింది.

ఐర్లండు, ఆస్ట్రేలియా

జార్జి హిగిన్‌బాథమ్ (1826-1892) డబ్లిన్ నగరంలో ఒక వ్యాపారి కుటుంబంలో జన్మించాడు. 1854లో మెల్‌బోర్న్ చేరి, ఆర్గస్ పత్రికకు సంపాదకుడుగాను, పిమ్మట విక్టోరియా వలస రాజ్యానికి అటార్నీ జనరల్‌గాను పనిచేశాడు. 1886 నుండి మరణించే వరకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నాడు. 1890లో ఓడ కార్మికుల మహా సమ్మె జరిగినప్పుడు, ఆ పదవిలో ఉంటూనే కార్మికుల నిధికి బహిరంగంగా విరాళమిచ్చి సంచలనం కలిగించాడు. ఈయన అన్న థామస్ విక్టోరియా రైల్వేలకు ప్రధాన ఇంజనీరుగా పనిచేశాడు.

అమెరికా

అమెరికాలో ఈ పేరు 18వ శతాబ్దం నాటికే వర్జీనియాలో స్థిరపడింది. ఆమ్‌హర్స్ట్ కౌంటీలో ఈ పేరు గల కుటుంబాలుండేవి. వర్తకుడైన డేవిడ్ హిగ్గిన్‌బాథమ్ మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు పొరుగువాడు. 1813లో మోర్వెన్ అనే ఎస్టేటును కొన్నాడు. ఆ కాలపు వర్జీనియా వ్యవసాయం బానిసల శ్రమపై ఆధారపడి ఉండేది.

1865లో బానిసత్వం రద్దయిన తరువాత విముక్తులైన నల్లజాతివారు చట్టపరమైన ఇంటిపేర్లతో నమోదయ్యారు. వారిలో చాలామందికి మునుపటి యజమానుల ఇంటిపేర్లే ఉండేవి. కొందరు వాటిని అంతకు ముందే తమలో తాము వాడుకునేవారు, మరికొందరు తామే వేరే పేర్లను ఎంచుకున్నారు. అందుచేత అమెరికాలో ఆంగ్ల ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఆంగ్ల వంశీకులని భావించరాదు. ఈ పేరు గల నల్లజాతి ప్రముఖులలో జాజ్ ట్రాంబోన్ వాద్యకారుడు జె.సి.హిగ్గిన్‌బాథమ్ (1906-1973), ఫెడరల్ న్యాయమూర్తి ఎ.లియాన్ హిగ్గిన్‌బాథమ్ (1928-1998) ముఖ్యులు. లియాన్ హిగ్గిన్‌బాథమ్ 1978లో ప్రచురించిన గ్రంథం, వలస పాలన నాటి అమెరికాలో చట్టాలే బానిసత్వాన్ని ఎలా నిర్మించాయో వివరిస్తుంది. ఈయనకు 1995లో అధ్యక్షుని స్వేచ్ఛా పతకం లభించింది.

ఇదే పేరు గల ఇతర అమెరికన్లు:

* హార్లో హిగిన్‌బాథమ్ (1838-1919): 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు అధ్యక్షుడు. స్వామి వివేకానంద ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శన సందర్భంగానే జరిగింది.
* విలియం హిగిన్‌బాథమ్ (1910-1994): భౌతిక శాస్త్రవేత్త. 1958లో బ్రూక్‌హావెన్ ప్రయోగశాల సందర్శకుల వినోదార్థం టెన్నిస్ ఫర్ టూ అనే ఆటను రూపొందించాడు. తొలి వీడియో ఆటలలో ఇది ఒకటి.

మద్రాసు

ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ మద్రాసులో వెస్లియన్ మిషనరీలు నడిపే పుస్తకశాలలో పనిచేసి, తరువాత దానిని తానే తీసుకొని 1844లో తన పేరుతో వ్యాపారం ప్రారంభించాడు. అనుమతి లేకుండా ఓడ ఎక్కి మద్రాసు చేరాడని ఈయన గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1888, 1889 సంవత్సరాలలో మద్రాసు షెరీఫుగా ఉండి 1891లో మరణించాడు. మౌంట్ రోడ్డులోని పుస్తకశాల భవనం 1904 నాటిది. భారతదేశంలో నేటికీ నడుస్తున్న పుస్తకశాలలలో ఇది అతి పురాతనమైనదిగా ప్రసిద్ధి చెందింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిగా గల రాష్ట్రంలోనే ఉండేవి. చదువు కోసం, ఉద్యోగాల కోసం మద్రాసు వెళ్ళిన తెలుగువారికి ఈ పుస్తకశాల సుపరిచితం. దక్షిణాది రైల్వే స్టేషన్లలో ఈ సంస్థ నడిపిన పుస్తకాల దుకాణాల వలన రైలు ప్రయాణికులందరికీ పేరు తెలిసింది. 20వ శతాబ్దంలో సంస్థ యాజమాన్యం ఆ కుటుంబం నుండి ఇతరుల చేతికి మారినా పేరు మాత్రం మారలేదు.

ఇంటిపేరు, వంశం

ఇంటిపేరు, పురుషులలోని వై క్రోమోజోము రెండూ సాధారణంగా తండ్రి నుండి కొడుకుకు సంక్రమిస్తాయి. ఈ ఆధారంతో 2000లో బ్రయన్ సైక్స్, క్యాథరిన్ ఇర్వెన్ అనే పరిశోధకులు సైక్స్ అనే యార్క్‌షైరు ఇంటిపేరు గల 48 మంది పురుషుల డి.ఎన్.ఎ.ను పరిశీలించారు. వారిలో 21 మందికి ఒకే రకమైన వై క్రోమోజోము ఉన్నట్లు తేలింది. 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్‌లు అనేక ఇంటిపేర్లను పోల్చి, అరుదైన పేరు గలవారికి ఉమ్మడి పూర్వీకుడుండే అవకాశం ఎక్కువని, స్మిత్ వంటి సామాన్యమైన పేర్లలో అటువంటి సంబంధం కనిపించదని నిరూపించారు. అయితే దత్తత, వివాహేతర జననం, పేరు మార్పు వంటి కారణాల వలన అరుదైన పేర్లలో కూడా మినహాయింపులుంటాయి.

హిగ్గిన్‌బాథమ్ చరిత్రలో ఈ పరిమితి స్పష్టంగా కనిపిస్తుంది. చెషైరులో ఇది ఎక్కువగా తండ్రి నుండి కొడుకుకు వచ్చిన పేరు. అమెరికాలో కొందరికి వారసత్వంగాను, మరికొందరికి పూర్వీకుల బానిసత్వం ద్వారాను వచ్చిన పేరు. చెన్నైలో ఒక దుకాణం పలకపై నిలిచిన పేరు. ఇంటిపేరు ఒక స్థలాన్ని కచ్చితంగా చూపగలదు. దానిని ధరించినవారు అక్కడి సంతతివారా కాదా అనేది మాత్రం ప్రతి కుటుంబానికి విడిగా పత్రాల ద్వారా తేల్చుకోవలసిన విషయం.