పూతరేకుల కుండ

పూతరేకుల పేరు చెప్పినంతనే యాంధ్రులకు జ్ఞప్తికి వచ్చు గ్రామము కోనసీమలోని యాత్రేయపురము. ఆ తీపిని మెచ్చుకొనువారు పెక్కుమంది. దానినిఁ బుట్టించు కుండను గనులారఁ జూచినవారు తక్కువ. రూపమును బ్రయోజనమును వేఱుచేయరాని పనిముట్టున కింతకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు.

ముందుగాఁ బేరును విచారింపవలెను. పూత యనఁగాఁ బూయఁబడినది. గోడకు సున్నపుపూత, గాయమునకు మందుపూత వంటిది. రేకు పూవునకుఁ గలదు, లోహమునకుఁ గలదు. రెండుచోట్లను బలుచఁదనమే ముఖ్యము. కాఁబట్టి పూతవలన నేర్పడిన పలుచని పొర పూతరేకు. మామిడిపూతను దలఁచి యిందుఁ బుష్పసంబంధము కల్పించుట సరసముగా నుండునేకాని యుక్తము గాదు.

ఆ పూతకు నాధారము కుండ. సామాన్యముగా నీటి నుంచుటకై పుట్టిన పాత్ర యిక్కడఁ దలక్రిందులైనది. అడుగు పైకి వచ్చునట్లు దానిని బోర్లించి, యొకప్రక్క నుంచిన సందునుండి లోపలికి నెండుకొబ్బరియాకులు నెట్టి మంట పెట్టుదురు. కొబ్బరితోఁటల సీమలో నది వెదకఁబనిలేని వంటచెఱకు. ఆకుమంట త్వరగా లేచును, త్వరగా నణఁగును. కనుక వేఁడి హెచ్చుతగ్గులు చేతిలోనుండును. నానిన బియ్యమును రుబ్బి పాలవలెఁ బలుచన చేసిన పిండినీటిలో గుడ్డను ముంచి, నూనె రాచిన కుండవీఁపుమీఁద నొక్కసారి పఱచి తీయుదురు. కన్నుమూసి తెఱచునంతలోఁ బొర యెండి యంచు లేచును. పనిచేయు స్త్రీ దానిని వ్రేళ్లతో నెత్తి ప్రక్కనుంచి మరల గుడ్డను ముంచును.

ఇందుఁ గుండ చేయు పని యెన్నఁదగినది. మట్టి వేఁడిని మెల్లగాఁ గొని మెల్లగా విడుచును. లోహమైనచో మంట తాఁకినచోట మాఁడి, తాఁకనిచోటఁ బచ్చిగా నుండును. వీఁపు గుండ్రనగుటచే గుడ్డ యెక్కడను దొట్రుపడక జాఱును. నునుపువలన రేకు చినుఁగక వచ్చును. కుండమీఁద గీఁత యున్నచో నది రేకుమీఁదఁ దెలియును. కుమ్మరి చేతిపని యంతయు నట్లు ప్రతిరేకునందును వ్రాయఁబడుచున్నది. తినువాఁడు మాత్రము చదువఁడు.

పనివారికి దానిపైఁ గల మమకారమునకుఁ గారణ మిదియే. దానికిఁ జెక్కడము లేదు, రంగు లేదు. ఎక్కడ వేఁడి హెచ్చో, యెక్కడఁ దగ్గునో చేతికిఁ దెలిసిన కుండ పగిలినచో నష్టము వెలతోఁ దీఱదు. క్రొత్తకుండతోఁ జేయి మరల స్నేహము చేయవలసి యుండును.

అమెరికాదేశపు రూపకల్పకులగు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారతప్రభుత్వము కోరఁగా 1958వ సంవత్సరమున సమర్పించిన నివేదికలో నీ దేశపు వస్తువులలోఁ జెంబును మిక్కిలి మెచ్చుకొనిరి. అది యొక్కని కల్పన కాదనియుఁ, దరతరముల చేతులు దిద్దిన రూపమనియు వారి యభిప్రాయము. 1961లో నహమ్మదాబాదున జాతీయ రూపకల్పనా సంస్థ యేర్పడుట కా నివేదిక కారణమైనది. చెంబునకుఁ జెల్లిన మాట కుండకును జెల్లును. అయినను జెంబు పదిపనులకు వచ్చును. ఈ కుండ యొక్క పనికే వచ్చును. దాని బలమును, దుర్బలత్వమును నందే యున్నవి.

2023లో నాత్రేయపురపుఁ బూతరేకులకు భౌగోళిక సూచిక లభించినది. పేరునకు రక్షణ గలిగెను; న్యాయమే. కాని యా రక్షణ కుండకు రాదు. ఇండ్లలో నీటికిని వంటకును మట్టిపాత్రల వాడుక తగ్గినకొలఁదిఁ గుమ్మరి జీవనము సన్నగిల్లును. పూతరేకుల కుండలకొఱకే యాతఁడు సారెను నిలుపుకొనఁజాలఁడు.