తెగితే ఇంజన్ ఎటు పోతుంది?

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు వెళితే తెలుగు మాట వినపడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. కార్పొరేషన్ వాళ్లు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతారు. ఆ వీధుల్లో బైకు నడిపే ఎవరినైనా అడగండి, యాక్సిలరేటర్ వైరు తెగిన రోజు ఒకటి గుర్తుండే ఉంటుంది. పిడి ఉత్తినే తిరుగుతుంది. ఇంజన్ మాత్రం నెమ్మదిగా కొట్టుకుంటూ ఉంటుంది. బండిని పక్కకి తీసి, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోతాం.

ఇలాంటి వైరే చిన్న విమానంలోనూ ఉంటుంది. అక్కడ పక్కకి తీసి ఆపే వీలు లేదు. అందుకే దాన్ని ఎంచుకునేటప్పుడు వేరే లెక్క వేయాలి.

ఫ్యాక్టరీలో తయారైన విమానానికి ఏ కేబుల్ వేయాలో, ఎక్కడ బిగించాలో కంపెనీయే నిర్ణయించి పెడుతుంది. సొంతంగా కట్టుకునే విమానంలో ఆ నిర్ణయం చాలావరకు కట్టేవాడిదే. మన దేశంలో ఈ పని చేసేవాళ్లు అరుదు, కానీ లేకపోలేదు. సూరత్ నుంచి రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో వచ్చే ముంబయిలోనే, కాందివలిలోని తన ఇంటి డాబా మీద పైలట్ అమోల్ యాదవ్ ఆరు సీట్ల విమానం కట్టారు. 2016 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగిన 'మేక్ ఇన్ ఇండియా' ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. 2017లో దానికి రిజిస్ట్రేషన్ దక్కింది. ఇంకో సంగతి. బెంగళూరులోని రాజహంస సంస్థ తయారు చేసిన ఎక్స్-ఎయిర్ అనే తేలికపాటి విమానం విడిభాగాల పెట్టెలుగా ఐరోపాకి వెళ్లింది. అక్కడి ఔత్సాహికులు ఆ పెట్టెలు విప్పి, ఇంటి షెడ్లలో బిగించుకుని ఎగిరారు.

ఇక కేబుల్ సంగతి. థ్రాటిల్ అంటే ఇంజన్‌లోకి ఎంత గాలీ ఇంధనమూ వెళ్లాలో నిర్ణయించే తలుపు. అది కార్బురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే భాగం)లో ఉంటుంది. పైలట్ చేతిలో ఉన్న లివర్‌కీ ఆ తలుపుకీ మధ్య ఉన్న లంకే కేబుల్. ఇందులో రెండు రకాలు. మొదటిది బైకుల్లో ఉండేదే. దీన్ని బౌడెన్ కేబుల్ అంటారు. 1896లో పేటెంటు తీసుకున్న ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ పేరు మీద వచ్చింది. లోపల సన్నని తీగలు పేనిన వైరు, బయట ముడుచుకోని గొట్టం. మెకానిక్కులు వీటిని ఇన్నర్, ఔటర్ అంటారు. ఈ వైరు లాగగలదు, నెట్టలేదు. తాడుతో నీళ్ల బకెట్‌ను పైకి లాగగలం కానీ కిందికి నెట్టలేం కదా. వెనక్కి తేవడానికి అవతల స్ప్రింగు ఉండాలి. రెండో రకంలో లోపలి కడ్డీ గట్టిది. అది లాగుతుంది, నెడుతుంది కూడా. లైకమింగ్ లాంటి పెద్ద ఇంజన్లకు సాధారణంగా ఇదే వాడతారు.

ఎంచుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, పొడవు కాదు. వైరు తెగితే ఇంజన్ ఎటు పోతుంది? దీనికి జవాబు స్ప్రింగు చెబుతుంది. బైకులో వైరు తలుపును తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. తెగితే ఇంజన్ నెమ్మదిస్తుంది. రోడ్డు మీద అదే క్షేమం. చిన్న విమానాల్లో బాగా వాడే రోటాక్స్ 912 ఇంజన్‌లో ఏర్పాటు తిరగబడి ఉంటుంది. స్ప్రింగు తలుపును తెరుస్తుంది, వైరు దాన్ని మూసి పట్టుకుంటుంది. తెగితే ఇంజన్ పూర్తి వేగం అందుకుంటుంది. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఆలోచిస్తే సబబే. పూర్తి శక్తి ఉన్న విమానం ఎత్తులోనే ఉంటుంది. పైలట్ రన్‌వే పైకి చేరుకుని, స్విచ్ ఆపేసి, గాలిలో జారుతూ దిగొచ్చు. శక్తి లేని విమానానికి కింద ఏ పొలం దొరికితే అదే గతి. అదే కంపెనీ వాళ్ల పాత రెండు స్ట్రోకుల ఇంజన్ 582లో మాత్రం బైకు పద్ధతే, తెగితే ఇంజన్ నెమ్మదిస్తుంది. ఒక ఇంజన్ మీద నేర్చుకున్న అలవాటును ఇంకోదానికి గుడ్డిగా తీసుకెళ్లకూడదు.

ఈ ఏర్పాటుతో ఒక చిక్కు కూడా వస్తుంది. 912లో స్ప్రింగులు ఎప్పుడూ లివర్‌ను ముందుకు గుంజుతూనే ఉంటాయి. పైలట్ చెయ్యి తీస్తే లివర్ తనంతట తానే ముందుకు జరిగి వేగం పెరుగుతుంది. కాబట్టి లివర్ దగ్గర బిగుతు (పెట్టిన చోట నిలబెట్టే రాపిడి) తప్పదు. పైగా ఈ ఇంజన్‌కి కార్బురేటర్లు రెండు, చెరో పక్క ఒకటి. రెండు వైర్లూ సమానంగా కదలాలి. ఒకటి వెంట్రుకవాసి ముందు తెరుచుకున్నా ఇంజన్ వణుకుతుంది. ఆ వణుకు ప్రొపెల్లర్ గేర్‌బాక్సును అరగదీస్తుంది.

రెండో ప్రశ్న దారి. కేబుల్ ఎన్ని మలుపులు తిరుగుతోంది? ఎద్దు పలుపును గుంజకు ఒక చుట్టు తిప్పితే ఎంత బలమైన ఎద్దయినా ఆగుతుంది. ఎందుకు? మలుపు తిరిగే కొద్దీ రాపిడి కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది. కేబుల్‌లోనూ ఇదే జరుగుతుంది. రాపిడి గుణకం 0.15 అనుకుందాం. కార్బురేటర్ దగ్గర 10 కిలోల లాగుడు కావాలంటే, తొంభై డిగ్రీల మలుపు ఒకటి ఉన్న కేబుల్‌లో చేతి దగ్గర దాదాపు 12.7 కిలోలు లాగాలి. అన్ని మలుపులూ కలిపి నిండు చుట్టు, అంటే 360 డిగ్రీలు అయితే 25 కిలోలు దాటుతుంది. మలుపు పెద్దదా చిన్నదా అన్నది ఈ లెక్కలోకి రాదు, మొత్తం కోణమే వస్తుంది. అలాగని ఇరుకు మలుపు పరవాలేదని కాదు. అక్కడ తీగలు వంగి వంగి అలసిపోయి తెగుతాయి. కొనే ముందు ఒక తాడునో సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్నో అసలు దారిలో వేసి కొలవడం మంచిది. స్కేలు పెట్టి కొలిస్తే పొడవు తక్కువ వస్తుంది.

సూరత్ లాంటి ఊళ్లో గాలి సంగతి కూడా చూసుకోవాలి. విమానాశ్రయం ఉన్న మగదల్లా వైపు సముద్రం దూరమేమీ కాదు. ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ కలిస్తే మామూలు ఉక్కు వైరు గొట్టంలోపలే తుప్పు పడుతుంది, బయటికి కనపడదు. స్టెయిన్‌లెస్ వైరు వేసుకోవడం మేలు. మరమగ్గం దగ్గర పనిచేసిన వాళ్లకి నూనె మీద దూదిపీచు పడితే ఎంత జిగురవుతుందో చెప్పక్కర్లేదు. కేబుల్‌లో నూనె, దుమ్ము కలిసినా అంతే. లోపల టెఫ్లాన్ పొర ఉన్న కేబుల్‌కి నూనె అసలే పోయకూడదు. కేబుల్ ఎక్కడా కిందికి వేలాడి మళ్లీ పైకి లేవకుండా చూడాలి. ఆ గుంటలో నీరు నిలుస్తుంది.

బిగించేటప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఔటర్ చివర దగ్గర. ఇంజన్ రబ్బరు బుష్షుల మీద కూర్చుని ఉంటుంది. స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ గట్టిగా ఊగుతుంది. ఔటర్ చివరను ఫైర్‌వాల్‌కి (ఇంజన్ గదికీ మనుషులకీ మధ్య ఉండే అగ్నిగోడకి) బిగించారనుకోండి. ఇంజన్ ముందుకు ఊగితే కార్బురేటర్ చెయ్యి (తలుపును తిప్పే చిన్న కడ్డీ) కూడా దూరం జరుగుతుంది. ఔటర్ జరగదు. అప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే వైరు లాగినట్టవుతుంది. వేగం దానంతట అదే మారుతుంది. అందుకని ఔటర్ చివరి పట్టు ఇంజన్ మీదే ఉండాలి. ఇంజన్ ఊగినా పట్టూ చెయ్యీ కలిసి ఊగుతాయి. ఫైర్‌వాల్‌లో కేబుల్ దూరే రంధ్రాన్ని మంటకు ఆగే లోహపు బిళ్లతో మూయాలి, మామూలు రబ్బరు పనికిరాదు. కేబుల్‌ను సైలెన్సర్ గొట్టాలకి దూరంగా నడపాలి.

తెగేది సాధారణంగా మధ్యలో కాదు, చివర్లో. నిపుల్ (వైరు చివరి గుండు) తన గూట్లో తిరగకపోతే, లివర్ కదిలిన ప్రతిసారీ వైరు దాని మెడ దగ్గర వంగుతుంది. స్క్రూ నేరుగా తీగల్ని నలిపినా అక్కడే పోతుంది. నిపుల్ వేసేటప్పుడు తీగల కొనను పువ్వులా విప్పి టంకం పోస్తే పట్టు గట్టిగా ఉంటుంది. తిరిగే కీలుకి గాడులున్న నట్టు, స్ప్లిట్ పిన్ను వాడాలి. కడ్డీ చివర బేరింగు ఉంటే దాని పక్కన వెడల్పాటి వాషరు వేయాలి. బేరింగు గుల్లయినా కడ్డీ బోల్టు మీంచి జారిపోదు.

అంతా అయ్యాక ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని లివర్‌ను చివరిదాకా ముందుకీ వెనక్కీ కదపాలి. ఇంకొకరు కార్బురేటర్ దగ్గర చూడాలి. రెండు వైపులా కార్బురేటర్ చెయ్యే ముందు తన అడ్డుకి తగలాలి. ఆ తర్వాత కూడా లోపలి లివర్‌కి కొంచెం చోటు మిగలాలి. లివరే ముందు ఆగిపోతే పూర్తి శక్తి ఎన్నటికీ అందదు. ఆ సంగతి రన్‌వే అయిపోవస్తున్నప్పుడు గానీ తెలియదు. ఆఖర్న, ఇంజన్ ఆపి ఉండగానే వైరును కార్బురేటర్ దగ్గర విప్పేయాలి. చెయ్యి ఎటు వాలి ఆగిందో చూసి, రాసిపెట్టుకుని, మళ్లీ బిగించాలి.