వినుటయే చికిత్స

దేహమునకు జబ్బు చేసినపుడు వైద్యుడు నాడి చూచి మందిచ్చును. మనసునకు కష్టము కలిగినపుడు ఈ పద్ధతి చెల్లునా? చికిత్సకుడు తాను మెట్టుపై నిలిచి, ఎదుటివాని లోపమును ఎత్తిచూపి, హితవు చెప్పి పంపినచో చాలునా? చాలదని స్వానుభవమున గ్రహించి, ఆ గ్రహింపుపైననే ఒక చికిత్సా విధానమును నిర్మించినవాడు అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ రోజర్స్ (1902–1987).

యౌవనమున రోజర్స్ న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరమందు, చిక్కులలో పడిన పిల్లల సంరక్షణకై ఏర్పడిన సంస్థలో సుమారు 12 ఏండ్లు పనిచేసెను. కుమారుని ఆగడము భరింపలేక ఒక తల్లి అచటికి వచ్చెను. పసితనమున ఆమె బిడ్డను ఆదరింపకపోవుటయే దీనికి మూలమని ఆయన నిశ్చయించుకొని, ఆ సంగతి ఆమెకు బోధపరుప ఎన్నోమారులు యత్నించెను. ఫలము లేకపోయెను. ఇక విరమింతమని ఆయన చెప్పగా ఆమెయు సమ్మతించెను. వాకిలి వరకు నడచిన ఆ తల్లి వెనుదిరిగి, ఇచట పెద్దవారికిని సాయము చేయుదురా అని అడిగెను. చేయుదుమని వినగానే మరల వచ్చి కూర్చుండి, తన సంసారములోని వేదనను వెళ్ళబోసికొనెను. ఆమె చెప్పుచుండగా ఆయన వినెను. నిజమైన చికిత్స ఆ క్షణముననే మొదలై, తుదకు సఫలమయ్యెను. నొప్పి ఎచట నున్నదో అనుభవించువారికే తెలియునన్నది రోజర్స్ నేర్చిన పాఠము.

అందువలననే ఆయన ‘రోగి’ అను మాటను విడిచి ‘క్లయింటు’ అను మాటను వాడెను. చికిత్సకునకు ముఖ్యముగా మూడు గుణములుండవలెనని 1957లో ప్రకటించిన వ్యాసమున వివరించెను. మొదటిది, లోపల ఒకటి వెలుపల ఒకటి లేకుండుట. మనవారు త్రికరణశుద్ధి యన్నది దీనికి దగ్గరి మాట. రెండవది, షరతులు లేని ఆదరము. మూడవది, ఎదుటివాని లోకమును అతని కన్నులతో చూచు సహానుభూతి. ఆదరమనగా ప్రతి చేష్టను మెచ్చుకొనుట కాదు. దొంగిలించిన బాలుని చేత తప్పు కావచ్చును. బాలుడు త్రోసివేయదగినవాడు కాడు.

అయితే మనిషి స్వభావమునే వ్యాధి యని శాస్త్రము పేర్కొన్నచోట ఆదరమునకు తావెక్కడిది? స్వలింగాసక్తి గలవారి విషయమున చిరకాలము జరిగినది అదియే. వారు చికిత్సకుని కడకు పోయినను తమను మార్చబూనినవానినే చూచిరి. 1957లోనే ఎవెలిన్ హూకర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఈ విషయమై తన పరిశోధనను ప్రకటించెను. అట్టివారు 30 మందికిని, ఇతర పురుషులు 30 మందికిని మానసిక పరీక్షలు జరిపి, పేర్లు తెలుపక ఫలితములను నిపుణుల ముందుంచెను. ఎవరు ఏ వర్గమువారో నిపుణులు గుర్తింపలేకపోయిరి. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘము స్వలింగాసక్తిని వ్యాధుల పట్టికనుండి తొలగించెను.

భారతదేశమున 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు చెప్పెను. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, ఇట్టివారిని వైద్యముతో మార్చు యత్నములను నిషేధించెను. తీర్పునకు ముందు ఆయన స్వయముగా ఒక మనస్తత్వ నిపుణురాలి ఎదుట కూర్చుండి, తనకు తెలియనిదానిని తెలిసికొనెను. వినవలసినవాడు చికిత్సకుడొక్కడే కాడని దీనివలన తేలుచున్నది.

రోజర్స్ పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున తీవ్రమైన మనోవ్యాధిగ్రస్తులపై ఆయన బృందము జరిపిన ప్రయత్నము ఆశించినంత ఫలము నీయలేదు. మందులు కావలసినచోట మందులే కావలెను. కాని మందు తాకలేని గాయము, తాను తానుగా ఉండరాదను సిగ్గు. అది మనుషుల మధ్య పుట్టినది, మాన్పవలసినవాడును మనిషియే.

తన భావములను రోజర్స్ 1969లో విద్యారంగమునకును అన్వయించి ఒక గ్రంథము వ్రాసెను. ఉపాధ్యాయుడు చికిత్సకుడు కానక్కరలేదు. పాఠము అప్పగింపలేక తల వంచుకొని నిలిచిన విద్యార్థిని మందలించుటకు ముందు, అతడు చెప్పబోవు మాటను తుదిదాక విన్నచో చాలును.