అత్త నాటు, కోడలి మిషను

కొడవలూరు చుట్టుపక్కల కయ్యల్లో వరి బాగా పండుతుంది. వెనకటి రోజుల్లో నాట్లు వచ్చాయంటే ఆడవాళ్లు తెల్లారకముందే గుంపుగా బయలుదేరేవాళ్లు. నారు పీకి, కట్టలు కట్టి, వంగి నాటేవాళ్లు. ఎకరా నాటాలంటే పదిమంది దాకా కావాలి. ఈ పని వాళ్లకు ఎవరు నేర్పారు? బడి లేదు, పలక లేదు. పిల్ల అమ్మ పక్కన నిలబడి, అమ్మ చేతులు చూసి నేర్చుకునేది. నడుము వంగినన్నాళ్లూ ఆ పనే కూడు పెట్టేది.

తర్వాత కోత మిషను వచ్చింది. పదిమంది రోజంతా కోసే చేను అది గంటా గంటన్నరలో కోసి, నూర్చి, గింజలు ట్రాక్టరులో పోస్తుంది. నాటు మిషను వచ్చింది. గాలిలో ఎగురుతూ మందు చల్లే డ్రోను కూడా వచ్చింది. ఆడవాళ్లకు కూలి దొరికే రోజులు తగ్గాయి.

"మిషను పని నేర్చుకుంటాను అత్తా" అంటుంది కోడలు. "కయ్యలో దిగని పని కూడా ఒక పనేనా?" అంటుంది అత్త. ఆ మాటలో కోపం కన్నా దిగులు ఎక్కువ. ముప్పై ఏళ్లు చేసిన పనిని ఒక యంత్రం లాగేసుకుంటే ఎవరికి దిగులు ఉండదు?

కానీ నాటు మిషనుకు మామూలు నారు పనికిరాదు. జల్లించిన మట్టిని ట్రేలలో పోయాలి. మొలకెత్తిన విత్తనం సమంగా చల్లాలి. వేళ్లు అల్లుకుని నారు చాపలాగా లేవాలి. పదిహేను, ఇరవై రోజుల్లో నాటెయ్యాలి. ముదిరితే మిషను సరిగా నాటదు. విత్తనం పలచబడిన చోట నాటులో ఖాళీలు పడతాయి. మొలక చూసి, మట్టి తడి చూసి చెప్పగలిగేది అత్తే. మీట నొక్కడం కోడలికి తేలిక. ఫోను అలవాటుంది కదా! తప్పు నొక్కితే మళ్లీ నొక్కుతుంది. అత్తకేమో తప్పు చేస్తే నలుగురూ నవ్వుతారని సిగ్గు. పైగా నలభై దాటితే దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి. అది తెలివి తక్కువై కాదు. కళ్లద్దాలు కావాలి, అంతే.

ఈ జిల్లాలో పెద్దవయసు చదువు కొత్త కాదు. 1990ల మొదట్లో అక్షరదీపం కేంద్రాల్లో రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చున్నది అమ్మలూ అవ్వలే. అప్పుడూ నవ్వినవాళ్లు ఉన్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించాక ఆ నవ్వులు తగ్గాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది.

ఇక డ్రోను సంగతి. 15,000 పొదుపు సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని 2023లో కేంద్ర ప్రభుత్వం 'నమో డ్రోన్ దీదీ' పథకం పెట్టింది. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ. తోడుగా ఉండి రిపేర్లు చూసుకునేందుకు ఇంకొకరికి కూడా శిక్షణ ఉంది. అయితే డ్రోను నడిపే సర్టిఫికెట్టుకు ఒక నియమం ఉంది. వయసు 18 నుంచి 65 లోపు ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి. చూశారా? యాభై ఏళ్ల అత్తను ఆపేది వయసు కాదు, పదో తరగతి. తొమ్మిదితో బడి మానేసి పెళ్లి చేసుకున్న కోడలినీ అదే ఆపుతుంది.

పది పాస్ కావాలంటే రోజూ బడికే పోనక్కరలేదు. 1991లో పెట్టిన సార్వత్రిక విద్యాపీఠం ఉంది. 14 ఏళ్లు నిండిన ఎవరైనా చేరవచ్చు. పైవయసుకు హద్దు లేదు. అన్ని పరీక్షలూ ఒకేసారి రాయక్కరలేదు. ఐదేళ్లలో కొన్ని కొన్నిగా రాసుకోవచ్చు. దగ్గరలో ఏ బడిలో కేంద్రం ఉందో మండల విద్యాశాఖ ఆఫీసులో అడిగితే చెబుతారు. వయసు రుజువు కాగితం, ఫొటోలు వెంట తీసుకుపోవాలి. అత్తా కోడళ్లు ఒకే ఏడు చేరినా కాదనేవాళ్లు లేరు.